తీగ లేని మౌస్ – దోషాన్వేషణ

తెలుగు వాచకంలో కంప్యూటర్ మౌస్ ప్రసక్తి ఏమిటని విద్యార్థులకు సందేహం కలగవచ్చు. ఈ పాఠానికి వస్తువు మౌసే అయినప్పటికీ, లక్ష్యం మాత్రం మన శాస్త్రకారులు తరతరాలుగా సానపట్టిన ఒక ఆలోచనా పద్ధతి. కారణం కంటికి కనిపించనప్పుడు కార్యాన్ని బట్టి దానిని ఎట్లా ఊహించాలి, ఆ ఊహ సత్యమో కాదో ఎట్లా పరీక్షించుకోవాలి అన్నదే ఆ పద్ధతి. గ్రంథంలో చదివితే అది కఠినంగా తోస్తుంది. చేతిలోని వస్తువు మొరాయించినప్పుడు ప్రయోగించి చూస్తే సుగమమవుతుంది.

మౌస్ అమెరికాలో పుట్టింది. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో పనిచేసిన డగ్లస్ ఎంగెల్‌బార్ట్ భావనకు ఆయన సహచరుడు బిల్ ఇంగ్లిష్ 1964లో వస్తురూపం ఇచ్చారు. ఆ తొలి మౌస్ ఒక చిన్న కొయ్య పెట్టె. దాని అడుగున ఒకదానికొకటి లంబంగా అమర్చిన రెండు లోహచక్రాలు ఉండేవి. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో జరిగిన సభలో ఎంగెల్‌బార్ట్ దానిని బహిరంగంగా ప్రదర్శించారు. 1970లో దానికి పేటెంటు లభించింది. పెట్టెనుండి వెలువడే తీగ తోకవలె కనిపించడంచేత ఎలుక అనే అర్థంలో ఆ పేరు వచ్చింది. నేడు తోక పోయింది, పేరు మాత్రం నిలిచింది. భాషాశాస్త్రం చదివినవారికి ఇది వింత కాదు. తిలలనుండి, అనగా నువ్వులనుండి తీసినది కనుక తైలం అన్నారు. ఇప్పుడు కొబ్బరినుండి తీసినదీ తైలమే. పుట్టుకకు హేతువైన లక్షణం తొలగిపోయినా మాట నిలిచి, అర్థాన్ని విస్తరించుకుంటుంది. మౌస్‌ను తెలుగులోనూ మౌస్ అనే పిలుస్తున్నాము. దానికి బదులుగా కొత్త సమాసమొకదానిని కల్పించవలసిన అవసరం లేదని ఈ పాఠకర్త అభిప్రాయం.

తోక పోయినందువల్ల కలిగిన మార్పును జాగ్రత్తగా గమనించాలి. తీగ ఒక్కటే అయినా అది మూడు పనులు చేసేది. కంప్యూటర్‌నుండి మౌస్‌కు విద్యుత్తును అందించేది. మౌస్‌నుండి కంప్యూటర్‌కు సందేశాన్ని చేరవేసేది. ఈ మౌస్ ఈ కంప్యూటర్‌కే చెందినదన్న సంబంధాన్ని నిలిపేది. తీగను తొలగించినప్పుడు ఈ మూడింటికీ ప్రత్యామ్నాయాలు కావలసివచ్చాయి. విద్యుత్తుకు బదులు బ్యాటరీ వచ్చింది. సందేశవాహకంగా రేడియో తరంగం వచ్చింది. సంబంధాన్ని నిలపడానికి గోరంత రిసీవర్ గాని, బ్లూటూత్ అనుసంధానం గాని వచ్చింది. తీగ ఉన్న మౌస్‌కు లేని వ్యాధులన్నీ ఈ మూడు ప్రత్యామ్నాయాల చోటనే పుడతాయి. కదలికను గుర్తించే భాగం, నొక్కుడును గుర్తించే బటన్లు రెండు రకాల మౌస్‌లకూ సమానమే. కనుక అక్కడి వ్యాధులు కూడా సమానమే.

ఇక పద్ధతి సంగతి. ఆంధ్రుడని ప్రసిద్ధి పొందిన అన్నంభట్టు 17వ శతాబ్దిలో తర్కశాస్త్ర ప్రారంభకులకొరకు తర్కసంగ్రహం అనే చిన్న గ్రంథం రచించాడు. అందులో అనుమానం అనే ప్రమాణానికి పొగ, నిప్పుల ఉదాహరణ ఉన్నది. ఇక్కడ అనుమానం అంటే సందేహమని కాదు, హేతువును బట్టి చేసే నిర్ణయమని అర్థం. వంటశాలలో పొగ ఉన్నది, నిప్పూ ఉన్నది. ఇది అన్వయం. చెరువులో నిప్పు లేదు, పొగా లేదు. ఇది వ్యతిరేకం. ఒకటి ఉన్నచోట రెండవది ఉండటం, రెండవది లేనిచోట మొదటిది లేకపోవడం, ఈ రెండూ చూసిన తరువాతనే కొండమీద పొగను చూసి అక్కడ నిప్పు ఉన్నదని నిశ్చయించగలము. ఒక్క అన్వయాన్ని చూసి తృప్తిపడినవాడు తరచుగా పొరబడతాడు. యంత్రాల విషయంలో మనలో చాలామందిమి చేసేది అదే.

మౌస్ చెడినదని తెలియగానే చేయవలసిన మొదటి పని దానిని బాగుచేయడం కాదు. అంతవరకు చేసిన పనిని భద్రపరచుకోవడం. కీబోర్డు మీద కంట్రోల్ మీటను పట్టుకొని ఎస్ మీటను నొక్కితే చాలా కార్యక్రమాలలో పని భద్రమవుతుంది. ట్యాబ్ మీటతో తెరమీద ఒక స్థానంనుండి మరొక స్థానానికి వెళ్ళవచ్చు. ఎంటర్ మీటతో ఎంచుకోవచ్చు. విండోస్ కంప్యూటర్లలో ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, నమ్ లాక్ మీటలను ఒకేసారి నొక్కి అంగీకారం తెలిపితే, కీబోర్డు కుడివైపున ఉన్న అంకెల మీటలతోనే కర్సర్‌ను కదిలించే సౌకర్యం లభిస్తుంది. చేతులు వణికేవారికి, మౌస్ పట్టుకోలేనివారికి ఉపకరించేందుకు ఏర్పరచిన సౌకర్యమిది. ఆపత్కాలంలో అందరికీ పనికివస్తుంది.

రెండవది, లక్షణాన్ని స్పష్టమైన మాటలలో చెప్పగలగడం. “పనిచేయడం లేదు” అన్నది ఫిర్యాదే గాని వర్ణన కాదు. కర్సర్ అసలు కదలడం లేదా? కదులుతూ మధ్య మధ్య ఆగుతున్నదా? చేయి పెట్టకపోయినా వణుకుతున్నదా? కదలిక బాగుండి నొక్కుడు మాత్రమే అందడం లేదా? ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్లు అవుతున్నదా? వీటిలో ప్రతి లక్షణమూ వేరొక చోటును చూపుతుంది. రోగి నోటినుండి లక్షణాలన్నీ వినకుండా వైద్యుడు మందు వ్రాయడు కదా.

కర్సర్ అసలు కదలనప్పుడు విద్యుత్తు విషయమే ముందు చూడాలి. మౌస్ అడుగున చిన్న స్విచ్ ఉంటుంది. సంచిలో పెట్టి తీసేటప్పుడు అది జరిగిపోవడం సర్వసాధారణం. కొత్త మౌస్ అయితే బ్యాటరీకి అడ్డుగా పెట్టిన పలుచని ప్లాస్టిక్ పట్టీని లాగివేయాలి. బ్యాటరీని సరియైన దిశలో అమర్చారో లేదో చూడాలి. సాధారణంగా స్ప్రింగు ఉన్న వైపు బ్యాటరీ చదునుకొన, అనగా ఋణధ్రువం ఉండాలి. మామూలు బ్యాటరీ 1.5 వోల్టులది. తిరిగి చార్జి చేసుకునే నికెల్ బ్యాటరీ 1.2 వోల్టులది. రెండవ రకం చాలా మౌస్‌లలో పనిచేస్తుంది గాని, కొన్నింటిలో చార్జి నిండుగా ఉన్నప్పటికీ తక్కువగా ఉన్నదన్న హెచ్చరిక రావచ్చు. ఇక బ్యాటరీ గది తెరిచినప్పుడు తెల్లని పొడివంటి పూత కనిపిస్తే బ్యాటరీ కారిందని గ్రహించాలి. ఆల్కలైన్ బ్యాటరీనుండి వెలువడేది క్షారం, చర్మానికి మంచిది కాదు. చేతికి తొడుగు వేసుకొని, దూదిపుల్లను కొద్దిగా నిమ్మరసంలో గాని వినెగర్‌లో గాని తడిపి ఆ లోహపు రేకులను తుడిచి, ఆపైన తడి లేకుండా పూర్తిగా ఆరనివ్వాలి. చాలాకాలం వాడని మౌస్‌లో బ్యాటరీని ఉంచకపోవడమే దీనికి నివారణ.

ఇక్కడ చాలామంది చేసే ఒక తర్కదోషం ఉన్నది. మౌస్‌ను తిరగవేసి, అడుగున ఎర్రని వెలుగు కనిపించకపోతే మౌస్ చచ్చిపోయిందని తీర్మానిస్తారు. వెలుగు ఉంటే విద్యుత్తు ఉన్నదనడం సరియైన అనుమానమే. విద్యుత్తు ఉంటే వెలుగు కనిపించి తీరాలనడం సరియైనది కాదు. పొగ ఉంటే నిప్పు ఉంటుంది, కాని నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు. కమ్మరి కొలిమినుండి తీసిన ఇనుపగుండులో నిప్పు ఉన్నది, పొగ లేదు. పొగ రావాలంటే తడికట్టెల సంబంధం కావాలి. ఈ అదనపు నియమాన్నే తార్కికులు ఉపాధి అన్నారు. మౌస్ విషయంలో ఆ ఉపాధి లోపలి దీపం మన కంటికి కనిపించే రంగుది కావడం. అనేక మౌస్‌లలో పరారుణ దీపం వాడుతున్నారు. దాని కాంతి మానవనేత్రానికి గోచరించదు. పైగా కొంతసేపు కదలిక లేకపోతే బ్యాటరీని ఆదా చేయడానికి మౌస్ తనంత తాను నిద్రావస్థలోకి వెళుతుంది. ఒక బటన్ నొక్కి లేపవలసి ఉంటుంది. ఇవేవీ తెలియక చెత్తబుట్ట పాలైన మంచి మౌస్‌లు ఎన్నో.

విద్యుత్తు సరిగా ఉన్నదని తేలితే సంబంధం సంగతి చూడాలి. రిసీవర్ తన మౌస్ మాటనే వింటుంది, తాళానికి తాళంచెవివలె. చూడటానికి ఒకే రకంగా ఉన్న మరొక మౌస్ రిసీవర్‌ను పెట్టి పనిచేయలేదని వాపోవడం కార్యాలయాలలో తరచు జరిగేదే. ఒకే గదిలో పది మౌస్‌లు ఉన్నచోట మౌస్‌కూ దాని రిసీవర్‌కూ ఒకే రంగు చుక్క పెట్టుకుంటే ఈ చిక్కు రాదు. రిసీవర్ పోయినా ఆశ వదులుకోనక్కరలేదు. కొన్ని సంస్థల మౌస్‌లను మరొక రిసీవర్‌తో జతపరచవచ్చు. ఉదాహరణకు, లాజిటెక్ సంస్థ 2009లో ప్రవేశపెట్టిన యూనిఫయింగ్ రిసీవర్‌కు, ఆ గుర్తు ఉన్న ఉపకరణాలను ఆరింటివరకు అనుసంధానించవచ్చు. బ్లూటూత్ మౌస్ అయితే రిసీవర్ ఉండదు. కంప్యూటర్‌లోని పాత అనుసంధానాన్ని తొలగించి, మౌస్ అడుగునున్న బటన్‌ను కొన్ని సెకండ్లపాటు నొక్కిపట్టి, కొత్తగా జతపరచాలి. రెండు మూడు కంప్యూటర్లతో జతకూడే మౌస్‌లలో అది పక్కగదిలోని కంప్యూటర్‌కు వినయంగా సేవ చేస్తూ ఉండవచ్చు కూడా.

ఇక కర్సర్ ఆగి ఆగి కదలడం. ఇది అన్నింటికన్న చిక్కైన లక్షణం. దీనికి బ్యాటరీ క్షీణత కారణం కావచ్చు, మార్గంలోని అవరోధమూ కారణం కావచ్చు. ఒక కళాశాలలో జరిగిన ఉదంతం దీనిని బోధపరుస్తుంది. 2018 వేసవిలో ఇంజనీరింగు ప్రవేశాలకు విద్యార్థులు వెబ్ ఆప్షన్లు నమోదు చేసుకునేందుకు అక్కడ ఒక గదిలో కంప్యూటర్ ఏర్పాటు చేశారు. ఏ కళాశాలను ఏ వరుసలో కోరుకున్నారన్న దానిమీదనే సీటు ఆధారపడి ఉంటుంది. అటువంటి సమయంలో తెరమీది కర్సర్ కుంటుతూ, ఒక చోట పెట్టబోతే మరొక చోటికి ఉరుకుతూ విద్యార్థులను కలవరపెట్టింది. బ్యాటరీ మార్చారు, ఫలితం లేదు. చందా వేసుకొని అదే రకం కొత్త మౌస్ కొన్నారు. అదీ అట్లాగే కుంటింది. కంప్యూటరే పాడైందని, గడువు తీరేలోగా పట్నంలోని ఇంటర్నెట్ కేంద్రానికి పరుగెత్తాలని కొందరు బయలుదేరారు.

అప్పుడు ప్రయోగశాల సహాయకుడు వచ్చి ఒకే ప్రశ్న వేశాడు. “ఎప్పటినుంచి ఇట్లా ఉంది బాబూ?”

“నిన్న సాయంత్రంనుంచి అన్నా.”

నిన్న సాయంత్రం ఈ కంప్యూటర్ విషయంలో కొత్తగా జరిగినదేమిటని అతడు ఆలోచించాడు. పాత సమాచారం దాచడంకోసం కంప్యూటర్ వెనుక ఒక హార్డ్ డిస్కును తగిలించారు. అది మౌస్ రిసీవర్ పక్కనే ఉన్నది. డిస్కును విధిప్రకారం నిలుపు చేసి ఊడదీశాడు. కర్సర్ నూనె రాసినట్లు జారింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. అతడు మాత్రం అక్కడ ఆగలేదు. డిస్కును మళ్ళీ తగిలించాడు. కుంటుడు మళ్ళీ వచ్చింది. మళ్ళీ తీశాడు. పోయింది. డిస్కు ఉన్నప్పుడు దోషం ఉండటం అన్వయం, తీసినప్పుడు లేకపోవడం వ్యతిరేకం. తరువాత డిస్కును యథాస్థానంలోనే ఉంచి, ఒక చిన్న పొడిగింపు తీగతో రిసీవర్‌ను బల్లమీదికి తెచ్చాడు. రెండూ చక్కగా పనిచేశాయి.

ఆ రెండవసారి తగిలించడంలోనే విద్య అంతా ఉన్నది. ఊడదీయగానే బాగుపడటం యాదృచ్ఛికం కావచ్చు. బాగుపడిన దానిని కావాలని చెడగొట్టి, తిరిగి బాగుచేయగలిగినప్పుడే కారణం చేజిక్కినట్లు. అంతకుముందు పిల్లలు చేసిన ప్రయత్నాలు వ్యర్థమనడానికి కూడా వీలులేదు. బ్యాటరీ, మౌస్ రెండూ నిర్దోషులని అవి నిరూపించాయి. ఆ ఫలితాన్ని వారు చదువుకోలేదు, అంతే.

ఈ వింతకు శాస్త్రీయమైన హేతువు ఉన్నది. తీగలేని మౌస్‌లు సాధారణంగా 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోని రేడియో తరంగాలను వాడతాయి. వైఫైలో ఒక రకం, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ కూడా అదే ప్రాంతంలో పనిచేస్తాయి. యు.ఎస్.బి. 3.0 అనే వేగవంతమైన అనుసంధానం పనిచేసేటప్పుడు వెలువడే విద్యుదయస్కాంత రొద 2.4 నుండి 2.5 గిగాహెర్ట్జ్ మధ్య వ్యాపిస్తుందని, దగ్గరలోని తీగలేని ఉపకరణాలకు అది ఆటంకమవుతుందని ఇంటెల్ సంస్థ 2012లో ఒక పత్రం ద్వారా వెల్లడించింది. సంతలో పక్కనే డప్పు మోగుతుంటే చెవిలో చెప్పిన మాట వినబడనట్లే ఇది. మనిషి దూరంగా జరిగితే చాలు, డప్పును ఆపనక్కరలేదు. సాధారణంగా నీలిరంగు నాలుక ఉన్న పోర్టులు యు.ఎస్.బి. 3.0 రకానివి. రిసీవర్‌ను వాటికి దూరంగా, నల్లని లేక తెల్లని నాలుక ఉన్న పోర్టులో, వీలైతే కంప్యూటర్ ముందువైపున పెట్టడం మంచిది. వెనుకవైపు పెడితే లోహపు పెట్టె కూడా తరంగానికి అడ్డు నిలుస్తుంది.

చేయి కదపకపోయినా కర్సర్ వణుకుతూ ఉంటే దోషం మార్గంలో గాక మౌస్ కంటిలో ఉండే అవకాశం ఎక్కువ. నేటి మౌస్ అడుగున ఒక చిన్న దీపం, ఒక సూక్ష్మమైన కెమెరా ఉంటాయి. అది కిందనున్న తలాన్ని సెకనుకు వెయ్యికి పైగా చిత్రాలు తీసి, ముందరి చిత్రంతో తరువాతి చిత్రాన్ని పోల్చి, ఎటు ఎంత జరిగిందో లెక్కిస్తుంది. గాజుబల్లమీద, అద్దంవలె మెరిసే తలంమీద పోల్చుకోవడానికి గుర్తులు దొరకవు. కటకంమీద ఒక వెంట్రుక పడితే అదే ఒక గుర్తై దానిని భ్రమింపజేస్తుంది. మౌస్ కింద ఒక మామూలు తెల్లకాగితం పెట్టి చూడటం ఖర్చులేని పరీక్ష. కాగితంమీద బాగుంటే దోషం బల్లది. బాగులేకుంటే స్విచ్ ఆపి, పొడి దూదిపుల్లతో కటకాన్ని మృదువుగా తుడవాలి.

ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్లు కావడం తరచుగా అరుగుదలవల్ల కలుగుతుంది. బటన్ కింద ఉన్న చిన్న స్విచ్‌లోని లోహపు రేకు లక్షల నొక్కుళ్ళ తరువాత బిగువు కోల్పోతుంది. అయితే కంప్యూటర్‌లోని అమరికలవల్ల కూడా ఇట్లా జరగవచ్చు. రెండింటిలో ఏదో తేల్చుకోవడానికి ఒక అందమైన పరీక్ష ఉన్నది. అమరికలలో ఎడమ బటన్ పనిని కుడి బటన్‌కు, కుడి బటన్ పనిని ఎడమ బటన్‌కు మార్చాలి. జబ్బు ఎడమ బటన్‌నే అంటిపెట్టుకొని ఉంటే అది స్విచ్ దోషం. పనితోపాటు కుడివైపుకు వలస పోతే అది అమరికల దోషం. స్విచ్ దోషమే అయితే ఈ మార్పు తాత్కాలికమైన ఉపశమనంగా కూడా పనికివస్తుంది. కాని దరఖాస్తును సమర్పించే బటన్‌ను, ఐచ్ఛికాలను ఖరారు చేసే బటన్‌ను అటువంటి మౌస్‌తో నొక్కకూడదు. ఆ ఒక్క పనికి కీబోర్డును గాని, ఇరుగుపొరుగువారి మౌస్‌ను గాని వాడటమే వివేకం.

పూర్వోక్తమైన పరీక్షలన్నింటికీ తల్లివంటి పరీక్ష ఒకటి ఉన్నది. మౌస్‌ను, దాని రిసీవర్‌ను కలిపి మరొక కంప్యూటర్ దగ్గరకు తీసుకొనిపోవడం. దోషం మౌస్‌ను వెంబడిస్తే మౌస్‌లో ఉన్నది. వెంబడించకపోతే పాత కంప్యూటర్‌లోనో దాని పరిసరాలలోనో ఉన్నది. ఒక్క పరీక్షతో వెదకవలసిన క్షేత్రం సగమవుతుంది. కంప్యూటర్‌లోనే ఉన్నదని తేలితే దానిని ఒకసారి ఆపి తిరిగి ప్రారంభించడం, రిసీవర్‌ను మరొక పోర్టుకు మార్చడం, విద్యుత్ ఆదాకోసం యు.ఎస్.బి. పోర్టును ఆపివేసే అమరికను తొలగించడం వరుసగా చేయాలి. కొంతసేపు వదిలి తిరిగి వచ్చినప్పుడు మాత్రమే మౌస్ స్పందించకపోతే ఈ చివరి కారణాన్ని శంకించాలి. ఏది చేసినా ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. మూడు మార్పులు ఒకేసారి చేస్తే మౌస్ బాగుపడవచ్చు గాని, ఎందువల్ల బాగుపడిందో తెలియదు. రేపు మళ్ళీ చెడితే మొదటికి రావలసిందే.

పరీక్షలన్నీ జరిపి మౌస్‌లోనే దోషం ఉన్నదని, అది స్విచ్ అరుగుదల వంటిదని తేలితే స్విచ్‌ను మార్చగల మరమ్మతుదారులు పట్టణాలలో ఉన్నారు. మరమ్మతు ఖర్చు కొత్తదాని వెలకు సమీపిస్తే కొత్తది కొనడమే మేలు. పాతదానిని బ్యాటరీ తీసివేసి ఇ-వ్యర్థాలు సేకరించేవారికి ఇవ్వాలి. భారత ప్రభుత్వపు 2022 నాటి ఇ-వ్యర్థాల నియమాలు 2023 ఏప్రిల్ 1నుండి అమలులో ఉన్నాయి. పరీక్షలు, దరఖాస్తులు జరిగే గదులలో తీగ ఉన్న పాత మౌస్‌ను ఒకదానిని బల్ల సొరుగులో ఉంచుకోవడం మంచిది. బ్యాటరీ, తరంగం, రిసీవర్ అనే మూడు చిక్కులూ దానికి లేవు.

ప్రశ్నలు

1. తీగ చేసే మూడు పనులేవి? తీగలేని మౌస్‌లో వాటికి ప్రత్యామ్నాయాలేవి?
2. ఎర్రని వెలుగు కనిపించకపోతే మౌస్ పనిచేయదన్న నిర్ణయంలోని దోషాన్ని ఇనుపగుండు ఉదాహరణతో వివరించండి.
3. ప్రయోగశాల సహాయకుడు హార్డ్ డిస్కును రెండవసారి ఎందుకు తగిలించాడు?
4. మీ ఇంట్లో చెడిపోయిన ఒక వస్తువును ఎన్నుకొని, అన్వయ వ్యతిరేకాలతో దాని దోషాన్ని ఎట్లా కనుగొంటారో పదిహేను పంక్తులలో వ్రాయండి.
5. విడదీసి సంధి పేరు తెలపండి: దోషాన్వేషణ, పూర్వోక్తము.